పవర్ టిల్లర్: తక్కువ రేటుకే వస్తోందని ఆర్డర్ పెట్టేస్తున్నారా? కొనేముందు ఈ చెకింగ్‌లు.. పాడైతే చేయాల్సిన పనులు ఇవే!

ఫోన్‌లో రీల్ చూస్తుంటాం. ఎర్ర రంగు చిన్న టిల్లర్. మెత్తటి మట్టిలో సాఫీగా పోతుంటుంది. వెనకాల నడిచే మనిషి ఒంటి చేత్తో పట్టుకుని నవ్వుతుంటాడు. కింద రేటు చూస్తే ముప్పై, నలభై వేలే. పైగా "7 హెచ్‌పీ, జపాన్ టెక్నాలజీ, ఒక సంవత్సరం వారంటీ" అని పెద్ద అక్షరాలు. కూలీలు దొరకని రోజుల్లో ఇలాంటిది చూస్తే ఎవరికైనా చెయ్యి ఆర్డర్ బటన్ మీదకే వెళ్తుంది.

అసలు కథ మెషీన్ ఇంటికి వచ్చాక మొదలవుతుంది. రీల్‌లో ఉన్న మట్టి వేరు, మన తెనాలి కాలవ కింద నల్లమట్టి వేరు. అరటి తోటలో నాలుగు సాళ్లు తిరిగేసరికి బెల్టు జారుతుంది. పదో రోజుకి గేర్ బాక్స్ నుంచి ఆయిల్ కారుతుంది. షాపుకి ఫోన్ చేస్తే "మేం అమ్మేవాళ్లమే అన్నా, కంపెనీతో మాట్లాడుకో" అంటారు. కంపెనీ నంబర్ మోగుతూనే ఉంటుంది. ఈలోపు పదును ఆరిపోతుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల రైతులు టిల్లర్ కొనేముందు ఏం చూసుకోవాలి? కొన్నాక క్వాలిటీ బాగోకపోతే డబ్బులు ఎలా రాబట్టుకోవాలి? వివరంగా చూద్దాం.

ముందు పేర్లు తేల్చుకుందాం

మార్కెట్లో అన్నింటినీ "టిల్లర్" అనే అంటున్నారు. కానీ ఇవి మూడు రకాలు.

ఒకటి, అసలైన పవర్ టిల్లర్. ఇది 12 నుంచి 15 హెచ్‌పీ డీజిల్ ఇంజన్‌తో వస్తుంది. బరువు రోటరీతో కలిపి సుమారు నాలుగైదు క్వింటాళ్లు. దమ్ము చేయడానికి, దుక్కికి, చిన్న ట్రాలీ లాగడానికి పనికొస్తుంది. మన దేశంలో ఇందులో పాత పేర్లు రెండు. బెంగళూరుకు చెందిన వీఎస్‌టీ 1967లో మొదలై, జపాన్ మిత్సుబిషి సహకారంతో టిల్లర్లు తయారు చేసింది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో 1973లో మొదలై, కుబోటా టెక్నాలజీతో తయారు చేసింది.

రెండోది, పవర్ వీడర్. 5 నుంచి 9 హెచ్‌పీ వరకు పెట్రోల్ లేదా డీజిల్ ఇంజన్. బరువు క్వింటా అటూ ఇటూ. సాళ్ల మధ్య కలుపు తీయడానికి, మట్టి గుల్ల చేయడానికి దీన్ని తయారు చేశారు. ఆన్‌లైన్‌లో "టిల్లర్" అని తక్కువ రేటుకు కనిపించేవి ఎక్కువగా ఇవే.

మూడోది, బుల్లి వీడర్. 52 సీసీ, 63 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్. పెరట్లో కూరగాయల మడికి సరిపోతుంది. ఎకరాల్లో పనికి దించితే అంతే సంగతులు.

సగం గొడవలు ఇక్కడే పుడతాయి. వీడర్ కొని టిల్లర్ పని చేయిస్తాం. అది తట్టుకోలేక విరుగుతుంది. అప్పుడు అది మెషీన్ లోపమా, వాడకం తప్పా అన్న వాదన మొదలవుతుంది. అందుకే బిల్లు మీద ఏ మెషీన్ అని రాశారో ముందే చూసుకోండి.

మన నేలకు ఏది నప్పుతుంది?

రేటు కంటే ముందు చూడాల్సింది నేల.

తెనాలి, వేమూరు, కొల్లిపర వైపు కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల కింద ఉన్నది ఎక్కువగా బరువైన నల్లమట్టి. తడిస్తే జిగురు, ఆరితే రాయి. ఇక్కడ తేలికపాటి వీడర్ గట్టి నేల మీద పడితే బ్లేడ్లు మట్టిలోకి దిగవు. మెషీన్ ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులన్నీ మీ భుజాలకు, గేర్ బాక్స్‌కు తగులుతాయి. వరి మడిలో దమ్ముకు దీన్ని నమ్ముకోవద్దు.

అయితే కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి, పసుపు, కంద తోటల్లో సాళ్ల మధ్య తిప్పడానికి మంచి వీడర్ చక్కగా పనికొస్తుంది. ట్రాక్టర్ దూరని చోట అది దూరుతుంది. కాకపోతే పదును చూసి దించాలి. కాలికి మట్టి అంటుకునేంత తడి ఉంటే ఆగండి.

బాపట్ల తీరం వైపు ఇసుక నేలలు. వేరుశనగ, కూరగాయలు వేసే చోట చిన్న మెషీన్ మీద భారం తక్కువ. కానీ ఇసుక బ్లేడ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. బ్లేడ్లు విడిగా దొరుకుతాయో లేదో తెలుసుకోకుండా కొనొద్దు.

రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పు తగిలే నేలల్లో తుప్పు గొడవ ఎక్కువ. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బోల్టులకు గ్రీజు పెట్టకపోతే రెండో సీజన్‌కి నట్టు ఊడదు, బోల్టు తిరగదు.

హెచ్‌పీ నిజమా, స్టిక్కరా? ఇలా కనిపెట్టండి

ఇంజన్ మీద సీసీ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని హెచ్‌పీతో పోల్చి చూడండి. ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్‌లో ఒక్క హెచ్‌పీకి సుమారు 30 సీసీ పడుతుంది. 212 సీసీ ఇంజన్‌ను 7 హెచ్‌పీ అంటే నమ్మొచ్చు. అదే 212 సీసీకి "9 హెచ్‌పీ" అని స్టిక్కర్ వేస్తే అనుమానించాల్సిందే. డీజిల్‌లో అయితే హెచ్‌పీకి 40 సీసీ, అంతకంటే ఎక్కువే పడుతుంది. 418 సీసీ డీజిల్ ఇంజన్ 9-10 హెచ్‌పీ దగ్గర ఉంటుంది.

ఇంకో మాట. ప్రకటనల్లో వేసేది చాలాసార్లు గరిష్ఠ హెచ్‌పీ. అంటే కాసేపు మాత్రమే ఇచ్చే బలం. పొలంలో గంటల తరబడి ఇచ్చే బలం అంతకంటే తక్కువ ఉంటుంది. "కంటిన్యూయస్ రేటింగ్ ఎంత?" అని అడగండి. చెప్పలేకపోతే ఆ షాపు వాళ్లకే మెషీన్ గురించి తెలియదని అర్థం.

షాపులో చేయాల్సిన 6 చెకింగ్‌లు

1. హ్యాండిల్ వదిలి చూడండి. క్లచ్ లివర్ వదలగానే బ్లేడ్లు ఆగిపోవాలి. తిరుగుతూనే ఉంటే రేటు ఎంత తక్కువైనా వద్దు. అది కాళ్లు తీసే మెషీన్. రివర్స్ గేర్ వేసినప్పుడు కూడా బ్లేడ్లు తిరగకుండా ఉండే ఏర్పాటు ఉందో లేదో అడగండి.

2. బ్లేడు అంచున ఆకురాయి పెట్టి ఒక్కసారి రుద్దండి. గట్టిపరచిన స్టీలు అయితే ఆకురాయి జారుతుంది. మెత్తటి ఇనుము అయితే పొడి రాలుతుంది. రెండోది అయితే సీజన్ మధ్యలోనే బ్లేడ్లు మార్చాలి.

3. గేర్ డ్రైవా, చైన్ డ్రైవా, బెల్ట్ డ్రైవా అడగండి. బెల్టు, చైను చౌక. కానీ సాగుతాయి, జారుతాయి. బెల్టు అయితే దాని నంబర్ రాసుకోండి. తెనాలి బెల్టుల షాపులో ఆ సైజు దొరుకుతుందో లేదో కొనకముందే కనుక్కోండి.

4. వెల్డింగ్ చూడండి. హ్యాండిల్ బేస్, గేర్ బాక్స్ బిగించిన చోట వెల్డింగ్ గుంటలు గుంటలుగా ఉంటే, రంగు కింద పగుళ్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

5. పదిహేను నిమిషాలు నడిపించండి. వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేయమనండి. చల్లగా ఉన్నప్పుడు ఏ మెషీనైనా స్టార్ట్ అవుతుంది. వేడి మీద మొండికేసేదే పొలంలో మనల్ని ఏడిపిస్తుంది.

6. స్పేర్ పార్టులు చూపించమనండి. బెల్టు, బ్లేడ్లు, ఆయిల్ సీల్, క్లచ్ కేబుల్, కార్బురేటర్. ఈ ఐదూ షాపులో కళ్లకు కనిపించాలి. "ఆర్డర్ పెడితే వస్తాయి" అన్న మాట సీజన్‌లో పనికిరాదు.

సర్కారు టెస్టింగ్ రిపోర్టు అంటే ఏంటి?

చాలామందికి తెలియని సంగతి ఇది. వ్యవసాయ యంత్రాలను పరీక్షించడానికి కేంద్ర ప్రభుత్వానికి ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో బుద్ని, హర్యానాలో హిసార్, అస్సాంలో బిశ్వనాథ్ చారియాలి, మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా గార్లదిన్నె. అక్కడ మెషీన్ బలం, ఆయిల్ వాడకం, బ్లేడ్ల అరుగుదల, శబ్దం, కుదుపులు అన్నీ కొలిచి రిపోర్టు ఇస్తారు.

2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద సబ్సిడీ రావాలంటే ఇలా పరీక్ష పాసైన మెషీన్ అయ్యుండాలి. చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు, పరిమితికి లోబడి సబ్సిడీ ఉంటుంది. దరఖాస్తు, లిస్టు వివరాలు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగొచ్చు.

మీకు సబ్సిడీ రాకపోయినా సరే, షాపులో "ఈ మోడల్‌కి టెస్ట్ రిపోర్టు ఉందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం డొల్ల మెషీన్లు పక్కకు పోతాయి.

రేట్ల విషయానికొస్తే ఒక గుడ్ న్యూస్. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ యంత్రాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కేంద్రం అప్పట్లో చెప్పిన లెక్క ప్రకారం 13 హెచ్‌పీ పవర్ టిల్లర్‌పై రూ.11,875, 7.5 హెచ్‌పీ పవర్ వీడర్‌పై రూ.5,495 తగ్గుతుంది. పాత రేటే చెబుతుంటే బిల్లులో జీఎస్టీ ఎంత వేశారో చూడండి.

ఇంకో విషయం. 2020 జులైలో కేంద్రం పవర్ టిల్లర్లు, వాటి విడిభాగాల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. లైసెన్స్ లేకుండా తెప్పించడానికి లేదు. కాబట్టి విదేశీ మెషీన్ అయితే దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రస్ ఏంటో అడగండి. పేరు లేని మెషీన్ పాడైతే స్పేర్ కోసం ఎవరి దగ్గరికి వెళ్తారు? కేసు వేయాలన్నా ఎవరి మీద వేస్తారు?

పెట్టె విప్పేటప్పుడే సగం కేసు గెలవొచ్చు

ఆన్‌లైన్‌లో తెప్పించినవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా కట్ లేకుండా వీడియో తీయండి. పెట్టె మీద లేబుల్, ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్, విరిగిన పార్టులు ఉంటే అవి, అన్నీ కనిపించాలి.

స్టార్ట్ చేసేముందు ఇంజన్ ఆయిల్ గేజ్ తీసి చూడండి. ఫోర్ స్ట్రోక్ మెషీన్లు చాలావరకు ఆయిల్ లేకుండానే పెట్టెలో వస్తాయి. అలాగే తాడు లాగి స్టార్ట్ చేస్తే నిమిషాల్లో ఇంజన్ పట్టేస్తుంది. తర్వాత "ఆయిల్ పోయకుండా నడిపారు, వారంటీ లేదు" అంటారు. గేర్ బాక్స్‌లో ఆయిల్ వేరే, అదీ చూడండి. నట్లు, బోల్టులు అన్నీ ఒకసారి బిగించండి.

మొదటి 20 గంటల పని తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చేయాలి. కొత్త ఇంజన్‌లో రాలే ఇనుప రజను ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. ఆయిల్ కొన్న బిల్లు పారేయకండి. సర్వీస్ సరిగ్గా చేయించామని చెప్పడానికి అదే సాక్ష్యం.

గేర్ ఆయిల్ పాలలా తెల్లగా మారిందా? సీల్ పోయి నీళ్లు లోపలికి వెళ్లాయని అర్థం. ఇక నడపకండి. ఫొటో తీసి ఆ రోజే షాపుకి పంపండి.

పాడైంది.. ఇప్పుడేం చేయాలి?

ముందుగా, లోకల్ మెకానిక్ దగ్గర ఇంజన్ విప్పించొద్దు. సీజన్ తొందరలో మనం చేసే పెద్ద తప్పు ఇదే. ఒకసారి విప్పితే వారంటీ పోతుంది. లోపం తయారీలోనే ఉందా, మెకానిక్ చేతిలో వచ్చిందా అని తేల్చడం కూడా కష్టమవుతుంది. పని ఆగకూడదంటే రెండు రోజులు అద్దె మెషీన్ తెచ్చుకోండి. ఆ అద్దె రసీదు కూడా దాచండి. నష్టం లెక్కలో అది పనికొస్తుంది.

రెండోది, నోటిమాటతో వదిలేయొద్దు. ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత వాట్సాప్‌లో "ఫలానా తేదీన కొన్నాం, ఫలానా రోజు ఈ సమస్య వచ్చింది, ఇన్నిసార్లు రిపేర్ చేశారు" అని మెసేజ్ పెట్టండి. మెషీన్‌ను సర్వీస్‌కి ఇస్తే జాబ్ కార్డు అడిగి తీసుకోండి.

మూడోది, 1915. ఇది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడొచ్చు. 8800001915 నంబర్‌కు వాట్సాప్ కూడా చేయొచ్చు. చాలా గొడవలు కోర్టు దాకా పోకుండా ఇక్కడే తేలిపోతాయి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆ సైట్‌కు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

నాలుగోది, వీటికి లొంగకపోతే షాపుకి, కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు. 15 రోజుల టైమ్ ఇచ్చి, మీకేం కావాలో స్పష్టంగా రాయండి. రిపేరా, మార్పిడా, డబ్బులా?

ఐదోది, జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ రైతుకు బాగా పనికొస్తుంది.

• కొన్న వస్తువు విలువ రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

• కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు.

• లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

• సమస్య వచ్చిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

• లోపం తేలాలంటే పరీక్ష అవసరమైతే కమిషన్ ల్యాబ్‌కు పంపుతుంది. 45 రోజుల్లో రిపోర్టు రావాలి. మామూలు కేసు 3 నెలల్లో, ఇలా పరీక్ష కావాల్సిన కేసు 5 నెలల్లో తేల్చాలన్నది చట్టం చెప్పే గడువు. వాస్తవంలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు, ఓపిక ఉండాలి.

"అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ఉంటే?

భయపడొద్దు. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోకుండా, బిల్లులో చెప్పిన గడువులో డబ్బు తిరిగివ్వకుండా మొండికేయడం చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులుగా లెక్కేస్తారు. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది.

అందుకే ఒక్కమాట. "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. ఆ రెండు వేలతో పాటు నలభై వేల మీద మీ హక్కు కూడా బలహీనపడుతుంది.

రైతు వినియోగదారుడేనా? కిరాయికి తిప్పితే?

కంపెనీలు తరచూ ఎత్తే వాదన ఇది. "మీరు వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారు కారు" అంటాయి. చట్టంలోనే దీనికి జవాబు ఉంది. సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం వాడుకునే వస్తువు అయితే అది వ్యాపార అవసరం కిందకు రాదు. సొంత పొలంలో వాడుతూ, తానే నడుపుతూ పక్కవాళ్ల పొలంలో నాలుగు గంటలు కిరాయికి తిప్పుకునే చిన్న రైతుకు ఈ రక్షణ ఉంటుంది. పది మెషీన్లు కొని డ్రైవర్లను పెట్టి అద్దెకు తిప్పితే మాత్రం కథ వేరు.

రైతులకు ధైర్యం ఇచ్చిన తీర్పు మన రాష్ట్రం నుంచే వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాలపై వేసిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. విత్తనాలు కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరంకు వెళ్లొచ్చు అని. మెషీన్ కొన్న రైతుకూ ఆ దారి తెరిచే ఉంది.

అయితే ఆశ మరీ పెంచుకోవద్దు. పార్టు మారిస్తే సరిపోయే లోపానికి మొత్తం బండి మార్చి ఇవ్వమనలేం అని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆయిల్ సీల్ పోయిందని కొత్త టిల్లర్ రాదు. మళ్లీ మళ్లీ అదే లోపం, ఎన్నిసార్లు చేసినా బాగుపడలేదు అని కాగితాల మీద చూపిస్తేనే మార్పిడి, రీఫండ్ అడగడానికి బలం. జాబ్ కార్డులు దాచమన్నది అందుకే.

మరి చౌక మెషీన్ అసలు కొనొద్దా?

అలా కాదు. లెక్క కోసం ఇద్దరు రైతుల్ని అనుకుందాం. కొల్లూరు లంకలో ముప్పావు ఎకరం కంద, అరటి. సాళ్ల మధ్య కలుపుకి మాత్రమే మెషీన్ కావాలి. స్పేర్లు తెనాలిలో దొరికే 7 హెచ్‌పీ వీడర్ నలభై వేలలోపు వస్తే ఆయనకు అది చక్కటి బేరం. అదే రేపల్లె దగ్గర మూడెకరాల వరి. దమ్ము కోసం అదే వీడర్ కొంటే ఆ డబ్బు బురదలో పోసినట్టే. ఆయన అద్దె ట్రాక్టర్‌తో పని కానిచ్చి, సబ్సిడీలో పెద్ద టిల్లర్ కోసం చూడటం మేలు. లేదా ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఒక మంచి టిల్లర్ కొనుక్కున్నా నష్టం లేదు.

ఇంకో సులువైన పద్ధతి ఉంది. కొనేముందు అదే మోడల్ రెండు సీజన్లు వాడిన రైతును వెతకండి. కొత్తగా కొన్నవాళ్లు ఎప్పుడూ బాగుందనే చెబుతారు. రెండో ఏడాది వాడుతున్నాయన చెప్పేదే అసలు రివ్యూ. వీలైతే ఆయన పొలంలోనే ఓ గంట నడిపి చూడండి.

రీల్‌లో మెషీన్ పది సెకన్లు తిరిగితే చాలు. మన పొలంలో పదేళ్లు తిరగాలి. అదునులో ఆగిపోతే పోయేది మెషీన్ డబ్బులే కాదు, ఆ ఏడాది పంట. అందుకే ఆర్డర్ బటన్ నొక్కేముందు ఈ మూడూ గుర్తు చేసుకోండి. పక్కా బిల్లు ఉందా? స్పేర్లు దొరుకుతాయా? మన నేలకు సరిపోతుందా? మూడింటికీ "ఉంది" అన్న జవాబు వస్తేనే కొనండి. మీకు తెలిసిన రైతులకు కూడా ఈ విషయాలు చెప్పండి.